అధ్యాపకుల శిక్షణ సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతోంది

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో ఇరవై ఏళ్లుగా చరిత్ర బోధిస్తున్నాను. విశ్వవిద్యాలయాల్లో, డిగ్రీ కళాశాలల్లో పనిచేసే అధ్యాపకులకు ఇస్తున్న వృత్తి శిక్షణ గురించి, అందులోనూ రెండు మూడేళ్లుగా సంస్థలు పోటీపడి నిర్వహిస్తున్న కృత్రిమ మేధ శిక్షణల గురించి నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. పిల్లల్ని డిగ్రీ చదివిస్తున్న తల్లిదండ్రులకు ఇది మా సొంత గొడవలా కనిపించవచ్చు. కానీ ఇంటర్నల్ మార్కులు దేనికి పడుతున్నాయి, అసైన్‌మెంటు పేరుతో పిల్లలు నిజంగా ఏం చేస్తున్నారు అన్న ప్రశ్నలు ఇందులోనే ఉన్నాయి కనుక వారూ ఓపికగా చదువుతారని ఆశ.

వేసవి సెలవుల్లో మా స్టాఫ్ వాట్సాప్ గ్రూపులోకి ఒక పోస్టరు వచ్చింది. ఉన్నత విద్యలో కృత్రిమ మేధ అనే అంశం మీద ఐదు రోజుల ఆన్‌లైన్ ఎఫ్‌డీపీ (అధ్యాపకుల నైపుణ్యాభివృద్ధి కార్యక్రమం), రిజిస్ట్రేషన్ ఫీజు లేదు, హాజరైన వారందరికీ ఈ-సర్టిఫికెట్. నిర్వహించిన సంస్థ పేరు చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ పోస్టరు మీద పేరు మారిస్తే మరో పది సంస్థలకు చక్కగా అతుకుతుంది. ఐదు రోజులూ కూర్చున్నాను. వక్తలు స్క్రీన్ మీద ఒక్కో టూల్ తెరిచి, దానితో పీపీటీ ఎలా చేయించుకోవాలో, లెసన్ ప్లాన్ ఎలా రాయించుకోవాలో, బిట్ పేపరు ఎలా తయారు చేయించుకోవాలో చూపించారు. మూడు నిమిషాల్లో ఇరవై స్లైడ్లు తయారయ్యేసరికి చాట్ పెట్టెలో 'వండర్‌ఫుల్ సర్' అంటూ మెసేజీలు వరస కట్టాయి. కెమెరాలు మాత్రం ఒక్కటీ వెలగలేదు. చివరి రోజు చివరి పది నిమిషాల్లో ఫీడ్‌బ్యాక్ ఫారం లింకు పెట్టారు. అది నింపితేనే సర్టిఫికెట్ వస్తుంది కాబట్టి, అప్పటిదాకా పలచగా ఉన్న హాజరు ఆ పది నిమిషాలకు పెళ్లి భోజనాల వేళ పందిరిలా నిండిపోయింది. 'ఈ శిక్షణ మీ బోధనలో ఏ మార్పు తెస్తుంది' అని ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. నేనూ అందరిలాగే 'చాలా ఉపయోగకరం' అని రాసి పంపేశాను. ఆ రెండు మాటలను వెనక్కి తీసుకుని, ఇవ్వాల్సిన జవాబును ఇప్పుడు మీ పత్రికకు రాస్తున్నానని అనుకోండి.

వక్తల్ని తప్పుపట్టడం లేదు. వారు తమకు తెలిసిన విషయాన్ని శ్రద్ధగానే చెప్పారు. లోపం ఏర్పాటులోనే ఉంది, అది కృత్రిమ మేధతో పుట్టిన లోపమూ కాదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) అధ్యాపకుల శిక్షణ కోసం దేశవ్యాప్తంగా అకడమిక్ స్టాఫ్ కాలేజీలు నెలకొల్పింది. తర్వాత అవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు అయ్యాయి. 2023 సెప్టెంబరులో మాలవీయ మిషన్ కార్యక్రమం మొదలయ్యాక మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలు అయ్యాయి. దేశం మొత్తం మీద అలాంటివి 111 కేంద్రాలని అప్పుడు ప్రకటించారు. బోర్డు మారిన ప్రతిసారీ లోపల కూర్చునే పద్ధతి మాత్రం మెరుగుపడిందని చెప్పలేను. కొన్ని విషయాల్లో వెనక్కే వెళ్లింది.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా వరంగల్ వైపు వాళ్లకు స్టాఫ్ కాలేజీ అంటే హైదరాబాద్ వెళ్లడమే. ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, జేఎన్‌టీయూ, మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం (మనూ), ఈ నాలుగు చోట్లా నిర్వహించే కోర్సులకే అందరమూ దరఖాస్తు పెట్టుకునేవాళ్లం. కొత్తగా చేరినవారికి ఇచ్చే ఓరియంటేషన్ కోర్సు నాలుగు వారాలు. మూడేళ్ల పాపను అమ్మ దగ్గర వదిలి వెళ్లాను కాబట్టి ఆ రోజులు నాకు బాగా గుర్తు. ఉపన్యాసాల్లో విన్నవి చాలావరకు మరిచిపోయాను. మరిచిపోనిది మాత్రం ఒకటుంది. మూడో వారంలో ఒక్కొక్కరం తోటివారి ముందు పది నిమిషాలు పాఠం చెప్పాలి. నేను శాతవాహనుల వర్తక వాణిజ్యాల గురించి బాగానే చెప్పానని అనుకుని కూర్చున్నాను. కరీంనగర్ నుంచి వచ్చిన ఒక రసాయన శాస్త్ర అధ్యాపకుడు లేచి, 'మేడం, మీరు పది నిమిషాల్లో ఏడు నిమిషాలు బోర్డుకే పాఠం చెప్పిన్రు' అన్నారు. ఆ రోజు మొహం ఎర్రబడింది గానీ, నా బోధనలో వచ్చిన మొదటి మార్పు ఆ ఒక్క మాట వల్లే వచ్చింది. పాఠం చెప్పేటప్పుడు నన్ను చూసి, చూసింది చూసినట్టు చెప్పిన మనిషి ఉద్యోగ జీవితంలో నాకు ఆ నాలుగు వారాల్లోనే దొరికాడు. ఇప్పుడు కెమెరా ఆపేసి, ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకుని, పొయ్యి మీద పప్పు చూసుకుంటూ పూర్తిచేసే కోర్సులో ఆ అవకాశమే లేదు.

ఆన్‌లైన్ వద్దని అనడం లేదు. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక స్వయం 2017లో వచ్చింది. మరుసటి ఏడాదే అధ్యాపకుల కోసం అర్పిత్ పేరుతో అందులోనే రిఫ్రెషర్ కోర్సులు పెట్టారు. భూపాలపల్లిలోనో, ఏటూరునాగారంలోనో పనిచేసే అధ్యాపకురాలు పసిపిల్లను వదిలి రాజధానికి వెళ్లనవసరం లేకుండా కోర్సు పూర్తి చేయగలగడం చిన్న సదుపాయం కాదు. నా కాలంలో అది ఉంటే నేనూ వాడుకునేదాన్నే. దూరం తగ్గినందుకు సంతోషమే గానీ, దూరంతో పాటు పనిని చూసి చెప్పే మనిషి కూడా పోయాడన్నదే నా బాధ.

అలా ఎందుకు పోయాడో తెలియాలంటే పదోన్నతుల లెక్క చూడాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ తొలి మెట్టు ఎక్కాలంటే 21 రోజుల ఓరియంటేషన్ చేసి ఉండాలి. దానికి తోడు రిఫ్రెషర్ కోర్సో, అలాంటి మరొకటో ఉండాలి. కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు ఎంతమంది అధ్యాపకులు ఎఫ్‌డీపీలకు హాజరయ్యారని అంకె అడుగుతుంది. ఈ రెండు చోట్లా కావలసింది కాగితం. కోర్సు తర్వాత ఏ పాఠం ఏ రకంగా మారింది, ఏ ప్రశ్నపత్రం మెరుగైంది అని అడిగే గడి ఏ ఫారంలోనూ లేదు. అడగని దానికి ఎవరు మాత్రం జవాబు తయారు చేసుకుంటారు? నా బీరువాలో ప్లాస్టిక్ కవర్లలో పెట్టిన సర్టిఫికెట్లు ముప్పై దాకా ఉన్నాయి. వాటిలో పావు వంతు కోర్సుల్లో ఏం చెప్పారో ఇప్పుడు చెప్పమంటే తడుముకోవాల్సిందే.

కృత్రిమ మేధ వచ్చాక ఈ పాత లోపం ఒక్కసారిగా బయటపడింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనానికి అందుబాటులోకి వచ్చింది. ఆ తర్వాతి రెండు మూడు సెమిస్టర్లకే మా తరగతుల్లో అసైన్‌మెంట్ల తీరు మారిపోయింది. బీఏ రెండో సంవత్సరం వాళ్లకు కాకతీయుల నీటిపారుదల వ్యవస్థ గురించి వ్యాసం రాయమని ఇచ్చాను. తెచ్చిన కాగితాలు దిద్దుతుంటే, ఊరూ కులమూ చేతిరాతా వేరైన పిల్లలు ఒకే వాక్యంతో మొదలుపెట్టారు: 'తెలంగాణ చరిత్రలో కాకతీయులు సాగునీటి రంగంలో ఒక కీలకమైన పాత్రను పోషించారు.' మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి నాలుగు పుటలు నీలి ఇంకుతో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, చివర అంతే ముద్దుగా 'మీకు మరిన్ని వివరాలు కావాలంటే అడగండి, నేను సహాయం చేస్తాను' అని కూడా రాశాడు. స్టాఫ్ రూములో చదివి వినిపిస్తే అందరం నవ్వుకున్నాం. ఇంటికి వెళ్లాక నవ్వు రాలేదు. ఆ ప్రశ్నను నేను పదేళ్లుగా అదే మాటలతో ఇస్తున్నాను. అంతకుముందు పిల్లలు దాన్ని గైడు చూసి ఎక్కించేవాళ్లు. పరీక్షల ముందు జిరాక్స్ సెంటర్లలో దొరికే చీమతలకాయంత అక్షరాల నోట్సు నుంచి కూడా ఎక్కించేవాళ్లు. అప్పుడు నాకు కోపం రాలేదు, మార్కులు వేశాను. యంత్రం వచ్చి చేసిందల్లా గైడు పని మరింత వేగంగా చేసిపెట్టడమే. ప్రశ్న దగ్గరే లోపం ఉన్నప్పుడు జవాబు ఎవరు రాశారని నిలదీయడంలో పెద్ద అర్థం లేదు.

ఆ ఐదు రోజుల శిక్షణలో ఈ సమస్యకు చెప్పిన మందు డిటెక్టర్. విద్యార్థి రాసింది అందులో వేస్తే ఎంత శాతం యంత్రం రాసిందో చెబుతుందట. వక్త ఆ సంగతి చెప్పినంత ధైర్యంగా ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాళ్లు అందరూ చెప్పలేరు. చాట్‌జీపీటీని తెచ్చిన ఓపెన్‌ఏఐ సంస్థే 2023 జనవరిలో అలాంటి ఒక పనిముట్టు విడుదల చేసి, కచ్చితత్వం తక్కువగా ఉందంటూ అదే ఏడాది జులైలో ఉపసంహరించుకుంది. యంత్రం రాసిన వాటిలో నూటికి 26 మాత్రమే అది పట్టుకోగలిగిందని, మనుషులు రాసిన వాటిలో నూటికి 9ని యంత్రానివిగా పొరబడిందని ఆ సంస్థే ప్రకటించింది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిషు మాతృభాష కానివారు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిషు భాషా పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో పెట్టి చూశారు. సగటున నూటికి 61 వ్యాసాలను అవి యంత్రం రాసినవని తేల్చాయి. రెండో భాషలో రాసేవారి పదజాలం పరిమితంగా, వాక్యాలు ఊహించగలిగేంత సాదాగా ఉంటాయి, డిటెక్టర్లు చాలావరకు కొలిచేదీ ఆ ఊహకందే గుణాన్నే. ఇది మనకు ఎంత దగ్గరి విషయమో చూడండి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లిషు మీడియంలో పడి, నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా నాలుగు వాక్యాలు కూడబలుక్కున్న ములుగు పిల్ల మీద ఆ పనిముట్టు దొంగతనం మోపుతుంది. ఆమెకు ఎదురు చెప్పే ఇంగ్లిషూ ఉండదు, ధైర్యమూ ఉండదు. డిటెక్టర్ పేరు, ధర, లింకు చెప్పిన శిక్షణలో ఈ సంగతి చెప్పకపోవడాన్ని నేను చిన్న పొరపాటు అనుకోను.

ఇక్కడే మరో గందరగోళం కూడా ఉంది. యూజీసీ 2018 గ్రంథచౌర్య నిబంధనల్లో పది శాతం దాకా పోలిక ఉంటే శిక్ష లేదన్న మాట మా అందరికీ నోటికి వచ్చు. పరిశోధకులు థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌లో పెట్టించుకుని ఆ అంకె తగ్గించుకునే తిప్పలు చూస్తూనే ఉన్నాం. అది ఇప్పటికే ఎక్కడో ఉన్న రాతతో పోలికను కొలిచే లెక్క. యంత్రం అప్పటికప్పుడు అల్లిన వాక్యం ఎక్కడా ఉండదు కాబట్టి అందులో దొరకకపోవచ్చు. పోలిక రిపోర్టూ, డిటెక్టర్ రిపోర్టూ ఒకటేనని నమ్మే పరిశోధన పర్యవేక్షకులు నాకు తెలిసినవారిలోనే ఉన్నారు.

డిటెక్టర్ జోలికి పోకుండా నేను ప్రశ్న మార్చి చూశాను. ఒకరోజు తరగతిలో పిల్లల్నే ఫోన్లు తీయమని, ఉచితంగా దొరికే ఒక చాట్‌బాట్‌ను తెలుగులో 'రామప్ప గుడిని ఎవరు, ఎప్పుడు కట్టించారు' అని అడగమన్నాను. సిగ్నల్ అందక సగం మంది కిటికీల దగ్గరికి వెళ్లారు. వచ్చిన జవాబుల్లో ఒకటి చాలా నమ్మకంగా, 1213లో కాకతీయ రుద్రదేవుడు కట్టించాడని చెప్పింది. వెంటనే సరిదిద్దకుండా, లైబ్రరీ నుంచి తెచ్చిన శాసనాల సంపుటం బల్ల మీద పెట్టి, మీరే తేల్చండని కూర్చున్నాను. యంత్రం చెప్పిన రుద్రదేవుడి కాలం తెలియడానికి ముందు వేయిస్తంభాల గుడి శాసనం చూశారు. అందులో శక సంవత్సరం 1084, కట్టించినవాడు రుద్రదేవుడు. డెబ్బై ఎనిమిది కలిపితే వచ్చే లెక్క ఒక అమ్మాయి బోర్డు మీద వేసింది, 1162-63. తర్వాత రామప్ప గుడి ఉన్న పాలంపేటలోని శాసనం. శకం 1135, అంటే 1213. యంత్రం చెప్పిన సంవత్సరం సరైనదే. కానీ శాసనంలో ఉన్నది గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. వెనక బెంచీలో కూర్చునే కుర్రాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, పాఠ్యపుస్తకం తిరగేసి, 'మేడం, రుద్రదేవుడు 1195కే పోయిండు గదా, పద్దెనిమిదేండ్ల తర్వాత గుడి ఎట్ల కడ్తడు?' అన్నాడు. ఆ పీరియడ్ గంట కొట్టినా ఎవరూ లేవలేదు. ఇద్దరు రుద్రుల్ని ఒకటి చేసిన పొరపాటును పట్టుకున్న ఆ నలభై నిమిషాల్లో వాళ్లు చేసింది అసలైన చరిత్ర పని. శాసనాన్ని చదవడం, తేదీ లెక్కకట్టడం, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో తూచుకోవడం అన్నీ అందులో వచ్చాయి. ఆ సెమిస్టర్ అసైన్‌మెంటు అదే ఇచ్చాను. ఊరి గుడి గురించో, చెరువు గురించో యంత్రాన్ని అడిగి, వచ్చిన జవాబును జతచేసి, అందులో ఏది నిజం, ఏది తప్పు, నీకెలా తెలిసింది అని రాయాలి. అన్నీ గొప్పగా వచ్చాయని చెప్పను. కొందరు ఆ తప్పుల్ని కూడా యంత్రం చేతనే వెతికించారు. అయినా కాగితాలు దిద్దుతుంటే నిద్ర రాలేదంటే నా మాట నమ్మండి.

ఆ రోజు తరగతిలో ఒక ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేకపోయాను. 'సంవత్సరం సరిగ్గా చెప్పింది గదా మేడం, మనిషి పేరు ఎందుకు తప్పింది?' అని అడిగారు. ఐదు రోజుల శిక్షణలో అది ఎవరూ చెప్పలేదు. మా కళాశాలలోనే కంప్యూటర్ సైన్స్ చెప్పే ఒక సహోద్యోగి రెండు మధ్యాహ్నాలు నాతో కూర్చున్నారు. ఈ యంత్రం పుస్తకం తెరిచి చూసి చెప్పదని, నేర్చుకున్న పాఠాల ఆధారంగా ముందున్న మాటల తర్వాత ఏ ముక్క రావడానికి ఎక్కువ వీలుందో లెక్కగట్టి పేర్చుకుంటూ పోతుందని, కాకతీయులు, గుడి, రుద్ర అన్న మాటలు కలిసినప్పుడు ఎక్కువసార్లు చూసిన రుద్రదేవుడి వైపే మొగ్గి ఉండవచ్చని చెప్పారు. తెలుగు మాటను ఇంగ్లిషు మాటకన్నా ఎక్కువ ముక్కలుగా కోస్తుందని, అది నేర్చుకున్న రాతలో తెలుగు వాటా చాలా తక్కువని కాగితం మీద గీసి చూపించారు. మరుసటి వారం పిల్లలకు అదే చెప్పాను. బదులుగా ఆయన నన్ను ఒక సాయం అడిగారు. ప్రోగ్రామింగ్ ల్యాబులో పిల్లలు యంత్రం రాసిన కోడ్ తెచ్చి చూపిస్తున్నారట, దాన్ని ఎలా ప్రశ్నించాలో చరిత్రకారులు మూలాన్ని ప్రశ్నించే పద్ధతిలో చెప్పమన్నారు. రెండు టీలు, రెండు మధ్యాహ్నాలు. నా ముప్పై సర్టిఫికెట్లలో దీనికి చోటు లేదు గానీ, ఈ మధ్య కాలంలో నాకు జరిగిన వృత్తి శిక్షణ ఏదంటే ఇదొక్కటే చెప్పగలను.

అలా కలిసి కూర్చోవడానికి ఒక పద్ధతి, ఒక గుర్తింపు ఏర్పాటు చేయమని అడగడమే ఈ ఉత్తరం ఉద్దేశం. ఐదు రోజుల కోర్సు బదులు ఒక సెమిస్టర్ పొడుగునా, వేర్వేరు సబ్జెక్టులు చెప్పే ఎనిమిది మందో పది మందో అధ్యాపకులు రెండు వారాలకోసారి కలవాలి. ప్రతి ఒక్కరూ తమ సిలబస్‌లో ఒకే ఒక యూనిట్ తీసుకుని, దాని పాఠాన్ని, అసైన్‌మెంటును, ఇంటర్నల్ ప్రశ్నలను మార్చాలి. ఒకరి తరగతిలో మరొకరు కనీసం ఒకసారి వెనక బెంచీలో కూర్చోవాలి. విద్యార్థులు రాసిన కాగితాలు బల్ల మీద పరిచి మాట్లాడుకోవాలి. చివర ఇచ్చే సర్టిఫికెట్‌కు ఫీడ్‌బ్యాక్ ఫారం కాకుండా, మార్చిన ఆ యూనిట్‌నే ఆధారంగా తీసుకోవాలి. యునెస్కో 2024లో ఉపాధ్యాయుల కోసం ప్రకటించిన కృత్రిమ మేధ సామర్థ్యాల చట్రంలో ఐదు విభాగాల కింద 15 సామర్థ్యాలు ఉన్నాయి. అందులో మొదటిది మనిషి కేంద్రంగా ఆలోచించడం, రెండోది నైతికత. పనిముట్ల సంగతి ఆ తర్వాతే వస్తుంది. మన ఎఫ్‌డీపీలు ఆ వరసను తిరగేసి, పనిముట్లతో మొదలుపెట్టి, నైతికత మీద చివరి రోజు ఒక స్లైడు చూపించి ముగిస్తున్నాయి.

ఇందుకు వనరులు లేవనడానికి వీల్లేదు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలగా మొదలైన ఎన్‌ఐటీ మన ఊళ్లోనే ఉంది. అక్కడి ఎలక్ట్రానిక్స్, ఐసీటీ అకాడమీ ఏళ్లుగా అధ్యాపక శిక్షణలు నడుపుతోంది. వాటిలో ఎక్కువ భాగం ఇంజినీరింగ్ వారికి పనికొచ్చేవి. 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది, దాని పరిధిలో ఆదిలాబాద్ దాకా డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. కరీంనగర్‌లో శాతవాహన, నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఎన్‌ఐటీలో యంత్రం లోపలి పని తెలిసినవారూ, మిగతాచోట్ల తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల ఇబ్బంది తెలిసినవారూ ఉన్నారు. వీళ్లు ఒకే గదిలో కూర్చున్న సందర్భం నా ఇరవై ఏళ్లలో చూడలేదు. ఎన్‌ఐటీ ఉన్న కాజీపేట వైపు నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్న విద్యారణ్యపురి ఆటోలో వెళ్లేంత దూరమే.

'అసలు ఫోన్లే నిషేధించి, పాత పద్ధతిలో వైవా పెడితే సరిపోదా' అని మా సీనియర్లు కొందరు అంటున్నారు. వైవా విషయంలో నేను వారితో ఏకీభవిస్తాను. అసైన్‌మెంటు తెచ్చిన విద్యార్థిని మూడు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి రెండు ప్రశ్నలు అడిగితే ఏ డిటెక్టరూ అక్కర్లేదు. కానీ అరవై మంది సెక్షనుకు ఆ మూడు నిమిషాలు మూడు గంటలవుతాయి, నాకు అలాంటి సెక్షన్లు నాలుగు ఉన్నాయి. యూజీసీ లెక్క ప్రకారం వారానికి నలభై గంటల పనిలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 16, పై హోదా వారికి 14 గంటలు నేరుగా బోధన. మిగిలిన గంటల్లో వైవాకు గానీ, తోటివారి తరగతి చూడటానికి గానీ ఎవరూ చోటు రాయలేదు. ఎన్నికల డ్యూటీలు, డిగ్రీ ప్రవేశాల దోస్త్ హెల్ప్‌డెస్కు, స్కాలర్‌షిప్ వెరిఫికేషన్ ఆ చోటంతా ఆక్రమించాయి. పాఠశాల ఉపాధ్యాయులకు ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి అభివృద్ధి ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం అంకె వేసి చెప్పింది. మాకూ అలా గంటల్లో చెప్పి, ఆ గంటలను టైంటేబుల్‌లోనే చూపితే బాగుంటుంది.

మరో విషయం క్లుప్తంగా. విద్యార్థుల పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, మార్కులు ఉన్న షీట్లను ఉచిత టూల్స్‌లోకి ఎక్కించి రిజల్ట్ విశ్లేషణ చేయించుకోవడం మా శిక్షణలో ఒక చిట్కాగా చూపించారు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చిన దేశంలో అది నేర్పవలసిన చిట్కా కాదు.

ఇక చివరిగా చెప్పేది నాకు అన్నింటికన్నా బాధ కలిగించేది. పైన రాసిన పదోన్నతులు, నిబంధనలు, గంటలు అన్నీ రెగ్యులర్ అధ్యాపకులవి. విశ్వవిద్యాలయాల్లో కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులు, డిగ్రీ కళాశాలల్లో గెస్ట్ లెక్చరర్లు మాతో సమానంగా, కొన్నిచోట్ల మాకన్నా ఎక్కువ పీరియడ్లు చెబుతున్నారు. మొదటి సంవత్సరం పిల్లలకు డిగ్రీ చదువంటే ఏమిటో మొదట పరిచయం చేసేది చాలాసార్లు వాళ్లే. వాళ్ల సర్టిఫికెట్ ఏ పదోన్నతి లెక్కలోనూ పడదు కాబట్టి ఏ శిక్షణకూ వాళ్లను పిలవరు, పిలిచినా పీరియడ్ లెక్కన జీతం వచ్చేవాళ్లు వదులుకుని రాలేరు. మా కంప్యూటర్ సైన్స్ సహోద్యోగీ నేనూ కలిసి, చుట్టుపక్కల రెండు కళాశాలల వారితో ఆరుగురం ఒక చిన్న బృందంగా నెలకు రెండు శనివారాలు కూర్చోవడం మొదలుపెట్టాం. పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చి మా దగ్గర పొలిటికల్ సైన్స్ చెప్పే ఒక గెస్ట్ లెక్చరర్‌ను కూడా పిలిచాను. ప్రశ్నలు మార్చడంలో మాకన్నా చురుకైనవాడు. 'వస్త మేడం, గానీ ఆ రోజు పీరియడ్ల పైసలు ఎవరిస్తరు?' అని నవ్వుతూనే అడిగాడు.

అతని ప్రశ్నను విశ్వవిద్యాలయ అధికారులకూ, ఉన్నత విద్యా మండలికీ మీ పత్రిక ద్వారా చేరవేస్తున్నాను. శిక్షణకు వచ్చిన గంటలకు గెస్ట్, పార్ట్‌టైం అధ్యాపకులకు బోధన గంటల లెక్కనే చెల్లించాలి. సెమిస్టర్ పొడుగునా సాగే ఇలాంటి బృందాలను ఎఫ్‌డీపీతో సమానంగా గుర్తించాలి. ఇంటర్నల్ మార్కుల్లో వైవాకు చోటిచ్చే సంగతి వచ్చే విద్యా సంవత్సరం సర్క్యులర్‌లోనే తేల్చాలి. మేం మళ్లీ కలిసేది దసరా సెలవులు అయ్యాక మొదటి శనివారం. అతను రాలేనని ముందే చెప్పాడు, ఆ రోజు అతనికి మూడు పీరియడ్లు ఉన్నాయి.

ఇట్లు,
చరిత్ర అధ్యాపకురాలు,
హనుమకొండ